మోరిస్‌కి పాయింట్లు, బట్టలకి సోలో రంగు

లాసెమ్,
20 ఫిబ్రవరి 1989

కినంతీ,

హాస్టల్లో సరిగ్గా తింటున్నావా అని అడగను. అడిగితే తింటున్నానని నాకు రాస్తావు, మీ అమ్మకి ఇంకోలా రాస్తావు. అందుకని నేరుగా పనిలోకి వస్తున్నాను.

మన మోరిస్ కారు ఆగిపోయింది. మొన్న శుక్రవారం మీ బాబాయి తాళం తిప్పితే ముసలాడిలా దగ్గి ఊరుకుంది. మూత ఎత్తి, డిస్ట్రిబ్యూటర్ విప్పి చూస్తే లోపల పాయింట్లు అరిగిపోయాయట. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ తెరుచుకుంటూ, మూసుకుంటూ ప్లగ్గులకి నిప్పు పంపేవి అవేనట. చూడబోతే బొటనవేలంత వస్తువు. "ఇన్నేళ్లూ ఆకురాయితో రుద్దుతూ నెట్టుకొచ్చాను. ఇక రుద్దడానికి అందులో ఏమీ మిగల్లేదు" అని చెప్పి, వసారాలో కూర్చుని సిగరెట్ల మీద కాఫీ మడ్డితో తీగలు గీసుకుంటున్నాడు. దిగులొస్తే ఆయన చేసే పని అదొక్కటే. రెంబాంగ్‌లో నాలుగు షాపుల్లో అడిగాడు. "ఈ కారు ఇంకా తిరుగుతోందా?" అని వాళ్లే ఈయన్ని ఎదురడిగారట.

తొందర ఎందుకంటే అమ్మమ్మ మైనంతో పువ్వులు గీసిన బట్టలు. నాలుగున్నాయి. ఇక్కడి ఎరుపు వేయడం అయిపోయింది. ఇక సోలో ఊళ్లో వేసే గోధుమరంగు పడాలి. అక్కడ మైనం పెట్టే ఆడవాళ్లు ఇప్పుడెవరూ మిగల్లేదు కాబట్టి, ఆ రంగు తగలకూడని చోటల్లా మైనం కూడా అమ్మమ్మే పెట్టింది. గీత గీతకీ మోచెయ్యి మోకాలికి ఆనించుకుని పెట్టింది. నాలుగోది పూర్తిచేసి, మైనం కలం కడిగి గూట్లో పెట్టి, "ఇవే ఆఖరివి" అంది. అక్కడ చూస్తే సోలో రంగులాయన మర్తోనో గారు, ఉపవాసాల నెల రాకముందే రంగు కుండలు బోర్లించేసి లాంపుంగ్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోతానని కబురు పెట్టాడు. ఆ రంగు ఆయన తర్వాత వేసేవాళ్లు లేరు. ఈలోగా బట్టలు చేరకపోతే అవి అలా సగంలోనే ఉండిపోతాయి.

సురబయాలో పాత సామాన్ల వీధి ఉందంటారు కదా, వెళ్లి వెతుకు. అరిగిన ముక్క పంపమంటే మీ బాబాయి ఒప్పుకోవడం లేదు. పోస్టులో పోతే ఉన్నదీ ఊడుతుందట. అందుకని బొమ్మ గీసి పంపుతున్నాను. పలచటి కాగితం మీద, వెంట్రుకవాసి తేడా లేకుండా, రెండు వైపులా శుభ్రంగా ఎక్కించాను. అమ్మమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చూసి "ఊఁ" అంది. ఆవిడ "ఊఁ" అంటే ఏమిటో నీకు తెలుసు.

రోజూ పొద్దున్నే లేచి, "పుర్వాదీ, బండి దగ్గిందా?" అని అడుగుతోంది. మీ బాబాయి పెరటి దారిన జారుకుంటున్నాడు.

తొందరపెడుతున్న
పిన్ని సుకేసి


సురబయా,
27 ఫిబ్రవరి

పిన్నీ,

నీ బొమ్మ నలగకుండా డిక్షనరీలో పెట్టుకుని ఆదివారం ఆ వీధికి వెళ్లాను. వీధి పొడవునా ఇనుమే. స్టీరింగు చక్రాలు గుమ్మాలకి తోరణాల్లా వేలాడుతున్నాయి. అడిగిన ప్రతివాడూ బుసీరి గారి కొట్టు చూపించాడు. మదురా దీవి ఆయన. పెద్ద మీసం, పెద్ద గొంతు. కొట్టులో ఆయన కూర్చున్న స్టూలు తప్ప ఖాళీ లేదు.

"ఏం కావాలమ్మాయ్?"

"మోరిస్ కారుకి పాయింట్లు."

"అసలువే కావాలా, కలిసేవి చాలా?"

"తేడా ఏమిటండీ?"

"అసలువి కావాలంటే ఇంగ్లండు వెళ్లు. కలిసేవి చాలంటే కూర్చో."

కూర్చోవడానికి చోటు లేదని చెబితే ఒక టైరు దొర్లించాడు. కలిసేవి అనే మాట నాకెంత నచ్చిందో చెప్పలేను. ఊరు వేరు, పేరు వేరు, చేసినవాడు వేరు. రంధ్రాల మధ్య దూరం, కదిలే చేతి పొడవు, ఎత్తు సరిపోతే చాలు, దానికది చుట్టమే. ఆయన డబ్బా తర్వాత డబ్బా బోర్లించి, ఒక్కో ముక్కే నీ బొమ్మ మీద పెట్టి చూశాడు. పెట్టడం, పెదవి విరవడం. చివరికి ఏదో జపాను కారువి పెడితే రంధ్రం మీద రంధ్రం, అంచు మీద అంచు కూర్చున్నాయి. "చూడు, ఈ కాగితం మీదే పుట్టినట్టుంది" అన్నాడు. గీసిందెవరని అడిగితే మా పిన్ని అన్నాను. "ఆవిణ్ని మా కొట్టుకి పంపు, బోర్డు రాయించుకుంటాను" అన్నాడు. ఇది పొగడ్తో కాదో ఇంకా ఆలోచిస్తున్నాను.

ముక్కని ఈ ఉత్తరంతోనే బస్సు కండక్టరుకిచ్చి పంపుతున్నాను. ఒక్క మాట పిన్నీ. ఒకవేళ కారు సిద్ధం కాకపోతే బస్సులో వెళ్లొచ్చు కదా? నాలుగు బట్టలే కదా, మడతపెట్టి సంచిలో పెట్టుకుంటే సరిపోతుంది. కావాలంటే నేనొచ్చి మోస్తాను. దీనికోసం అమ్మమ్మ దిగులు పడటం దేనికి?

వర్షాలు తగ్గాయి. తింటున్నాను, నిజంగానే.

నీ
కినంతి


లాసెమ్,
5 మార్చి

కినంతీ,

నీ ఉత్తరం అమ్మమ్మకి పైకి చదివి వినిపించాను. స్టీరింగు చక్రాల దగ్గర నవ్వింది. "మడతపెట్టి సంచిలో" అన్నచోట లేచి లోపలికి వెళ్లిపోయింది. ముందు ఒకసారి నాలో నేను చదువుకోవాల్సింది. నాదే బుద్ధి తక్కువ.

మైనం పెట్టిన బట్ట మడతపెడితే ఏమవుతుంది? మైనం పగులుతుంది. పగిలిన ప్రతిచోటా రంగు లోపలికి దిగి పువ్వు మీద నరంలా నిలబడుతుంది. మనింట్లో అలాంటి బట్ట బయటికి పోదు. బస్సులో ఒళ్లో పెట్టుకున్నా పక్కవాడు దానిమీద కొబ్బరికాయల బస్తా పెడతాడు. అందుకే కదా మోరిస్ వెనక సీటు తీసేసి వెదురు తడిక పరిచింది. బట్టలు దాని మీద చాపలా పడుకుని సోలో దాకా వెళతాయి. చిన్నప్పుడు ఆ తడిక మీదెక్కి దెబ్బలు తిన్నదానివే, మరిచిపోయావా?

ఇక ముక్క సంగతి. అది పనికిరాదు. రంధ్రాలు సరే, పొడవు సరే, కానీ అంతా తారుమారు. చెయ్యి కుడివైపు ఉండాల్సింది ఎడమవైపుంది. తిరగేస్తే అడుగు పైకొచ్చి మరమేకు పట్టదు. మీ బాబాయి పొద్దంతా తంటాలు పడి, "ఇది అద్దంలో కనపడే మోరిస్‌కి చేశారు" అన్నాడు. ఆ మీసాలాయన ఆడపిల్లవని చూసి అమ్ముడుపోని సరుకు అంటగట్టాడట. నాకూ అలాగే అనిపిస్తోంది.

మళ్లీ గీశాను. మొదటిదానికంటే బాగా వచ్చింది. ఏ గీతా ఎక్కడా తప్పలేదు. ముక్కతో పాటు ఇదీ పట్టుకెళ్లి ఆయనతో గట్టిగా మాట్లాడు. నీకు మాటలంటే ఇష్టం కదా, ఒకసారి వాడి చూడు.

సుకేసి పిన్ని


సురబయా,
11 మార్చి

పిన్నీ,

మడత మాట రాసినందుకు నా చెవులు నేనే మెలిపెట్టుకున్నాను. అమ్మమ్మ కోపం తగ్గాకే చెప్పు. ఇంకా ఉంటే చెప్పకు.

బుసీరి గారితో గట్టిగానే మాట్లాడాను. ఎంత గట్టిగా అంటే పక్క కొట్టువాళ్లు టీ గ్లాసులు పట్టుకుని వచ్చి నిలబడ్డారు.

"నేను మోసం చేశానా? కాగితం ఉందా నీ దగ్గర?"

"కొత్తది కూడా ఉంది."

"పెట్టు."

పెట్టాను. ముక్క దాని మీద పెట్టాడు. మళ్లీ అచ్చుగుద్దినట్టు సరిపోయింది. ఆయన చేతులు కట్టుకుని నన్ను చూశాడు. టీ గ్లాసులవాళ్లూ చూశారు. నేను కాగితం మళ్లీ డిక్షనరీలో దాచుకున్నాను.

"మీ బాబాయి కళ్లద్దాలు పెట్టుకుంటాడా?" అన్నాడు.

పిన్నీ, బాబాయికి కోపం రాకుండా చెప్పు. రెండు బొమ్మలకీ సరిపోయిన ముక్క కారుకి సరిపోకపోవడం ఎలా జరుగుతుంది? ఎక్కడైనా తలకిందులుగా బిగిస్తున్నాడేమో. చదునుగా ఉన్నవైపు కిందికి రావాలట. మరమేకు ముందే బిగించకుండా చెయ్యి సర్దుకున్నాక బిగించాలట. ముక్క మళ్లీ పంపుతున్నాను. ఒక్కసారి నిదానంగా చూడమను.

వచ్చేవారం పరీక్షలు. వ్యాసం రాయమన్నారు, ఏ విషయం మీదైనా సరే. మైనం మీద రాద్దామని ఉంది, కానీ ఇప్పుడు నాకా అర్హత ఉందా అని సందేహం.

కినంతి


లాసెమ్,
17 మార్చి

కినంతీ,

మీ బాబాయి నీ ఉత్తరం తనే తీసుకుని చదువుకున్నాడు. కారు దగ్గరికి వెళ్లి దానితో అన్నాడు: "విన్నావా? నీ పైకీ కిందకీ తేడా తెలియనివాణ్నట నేను." తర్వాత మూత దించి కాఫీ హోటలుకి పోయాడు. మధ్యాహ్నానికి సిగరెట్టు పెట్టె మొత్తం తీగలూ పువ్వులూ గీసి తెచ్చాడు, ఒక్కటీ కాల్చలేదు. నీ మీద కోపం కాదులే. కానీ భోజనం దగ్గర నువ్వు పంపిన ముక్కని ఉప్పుగిన్నె పక్కన పెట్టుకుని చూస్తూ తిన్నాడు.

మర్తోనో గారి దగ్గర్నుంచి కార్డొచ్చింది. ఏప్రిల్ మొదటి శనివారం ఆఖరి రంగట. కుండలు ఎవరో కొనుక్కున్నారు, మరునాడు వచ్చి పట్టుకుపోతారు.

అమ్మమ్మ పొద్దున్నే అడగడం మానేసింది. అడిగినన్నాళ్లూ విసుక్కున్నాను. ఇప్పుడు అడగకపోతే ఏమీ బాగాలేదు. ఎండ ముదురుతోందని బట్టలున్న గదిలో తడి గోనెలు కట్టించి, తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చుంటోంది. మైనం మెత్తబడకుండా కాపలా. నిన్న, "నాలుగూ పోకపోయినా, ఆ నెమళ్లు గీసినది ఒక్కటి చేరితే చాలు" అంది. ఆవిడ బేరం తగ్గించడం నేను పుట్టాక ఇదే చూడటం.

నీ పరీక్షలు పాడుచేసుకోకు. నీ చేతనైనంత చేశావు. ఆ నెమళ్ల బట్ట రెండు చేతుల మీదా పరుచుకుని బస్సులో నిలబడి వెళ్లగలనా అని ఆలోచిస్తున్నాను. నవ్వకు.

పిన్ని


సురబయా,
23 మార్చి

పిన్నీ, బాబాయీ,

ముందు బాబాయికి. తప్పు నాది. నువ్వు సరిగ్గానే బిగించావు. అద్దంలో మోరిస్ అన్నావు చూడు, అక్షరాలా అదే నిజం.

పరీక్ష రాసి నేరుగా కొట్టుకి వెళ్లాను. పంపిన ముక్క ఉప్పుగిన్నె పక్కనుందని చెబితే బుసీరి గారు మూతి ముడిచి, అలాంటిదే ఇంకొకటి తీసి పిన్ని గీసిన బొమ్మ మీద పెట్టాడు. సరిపోయింది. ముక్క తీయగానే ఫ్యాను గాలికి కాగితం ఎగిరి కింద పడింది. తీసి బల్ల మీద పరిచాను. ముక్క పెట్టాడు. సరిపోలేదు. చెయ్యి అటు, గీత ఇటు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కాగితం తిరగేశాను, సరిపోయింది. మళ్లీ తిరగేశాను, సరిపోలేదు.

పిన్నీ, నువ్వు బొమ్మని రెండోవైపు కూడా ఎక్కించావు. బట్టకి రెండువైపులా మైనం ఎలా పెడతారో అలాగే. ఏది ముందో ఏది వెనకో చూసినవాడికి తెలియనంత బాగా గీశావు. కాగితం చేతికి ఎలా వస్తే అలా పెట్టాం, రెండుసార్లూ వెనకవైపే వచ్చింది, కుడి ఎడమైపోయింది. ఇనుప ముక్కకి మాత్రం వెనక ఉంటుంది పిన్నీ.

"మీ ఇంట్లో వెనకవైపు కూడా గీస్తారా? ఎందుకు? చూసేదెవరు?" అన్నాడు బుసీరి గారు.

"కట్టుకున్నావిడకి తెలుస్తుంది" అన్నాను. అమ్మమ్మ మాటే. ఆయన మీసం సవరించుకుని, కాగితం తీసి మరోసారి రెండువైపులా చూశాడు.

ఇంత తెలిశాక చూస్తే, కుడివైపు చెయ్యి ఉన్నవి ఆయన దగ్గర లేవు. డబ్బాలన్నీ మళ్లీ బోర్లించాడు. చివరికి గొంతు తగ్గించి, "ఎదురుకొట్టు మత్రావి దగ్గర ఆస్టిన్ వ్యాను ఒకటుంది. దానికీ మోరిస్‌కీ ఇంజన్ ఒకటే జాతి. నేను పంపానని చెప్పకు, వాడు నా బావమరిది" అన్నాడు.

మత్రావి గారు నేను నోరు తెరవకముందే, "బుసీరి పంపాడా?" అన్నాడు. లేదన్నాను. "అబద్ధం చెప్పడం రాదు నీకు. వ్యాను పెరట్లో ఉంది. మా ఆవిణ్ని అడుగు, దాంట్లో ఆవిడ కోళ్లున్నాయి."

ఆవిడ పేరు సుమ్రాతి. ఇంజన్ మీద ఒక పెట్ట పొదుగుతోందట, దాన్ని కదిపితే ఊరుకోనంది. "ఆ పెట్ట లేచేదాకా కూర్చో. అది లేస్తే నీ అదృష్టం." కూర్చున్నాను. రేపటి పరీక్షకి పద్యాలు వల్లె వేసుకున్నాను. పెట్టకి పద్యాలు నచ్చలేదేమో, సాయంత్రానికి లేచి నీళ్లకి వెళ్లింది. సుమ్రాతి గారు దీపం పట్టుకుంటే, మత్రావి గారు చెప్పినట్టు రెండు మరమేకులూ నేనే విప్పాను. పాయింట్లు, పక్కనే వాటికి జతగా ఉండే కండెన్సరు డబ్బీ, రెండూ. ఈసారి కాగితం మీద ఒకవైపు పెద్ద అక్షరాలతో 'ముందు' అని రాసుకుని వెళ్లాను. సరిపోయాయి. కోడి ఈక ఒకటి అంటుకుని ఉంది, తీసేశాను.

పాతవే. కానీ రుద్దడానికి అందులో ఇంకా ఉంది. బాబాయీ, రుద్దు.

కినంతి


లాసెమ్,
4 ఏప్రిల్

కినంతీ,

నిన్ననే ఇల్లు చేరాం. నడుం పడిపోయింది కాబట్టి పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వాలితే సర్దుకో.

నీ ఉత్తరం వచ్చినరోజు బొమ్మ సంగతి చదివి ముందు నాకు కోపమే వచ్చింది. వెనకవైపు గీయకుండా వదిలేసిన పని మనింట్లో ఎప్పుడైనా ఉందా? మీ బాబాయికైతే నవ్వీ నవ్వీ పొలమారింది. "నీ చెల్లెలు ఇనప్పెట్టెకి కూడా వెనక పువ్వులు గీస్తుంది" అని మీ అమ్మకి కూడా రాశాడట. నిన్నేమీ అనలేదు, పైగా "పిల్ల కోడి కింద నుంచి తెచ్చింది" అని హోటల్లో అందరికీ చెప్పుకున్నాడు.

పాయింట్లు కూర్చున్నాయి. కండెన్సరుకి మాత్రం వయసైపోయింది. ఇంజన్ చల్లగా ఉంటే అంటుకుంటోంది, ఒకసారి వేడెక్కాక ఆర్పితే గంటలకొద్దీ పలకదు. ఇంకొకటి వెతికే వ్యవధి లేదు. "ఆర్పకుండా వెళ్లి ఆర్పకుండా ఇచ్చేద్దాం" అన్నాడు ఆయన. శనివారం తెల్లవారకముందే బట్టలు తడిక మీద పరిచాం. తలుపు వేయబోతుంటే అమ్మమ్మ చెప్పులేసుకుని వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

"అత్తయ్యా, సోలో అంటే దగ్గర కాదు. అంతసేపు కూర్చోవాలి."

"పుట్టిన దగ్గర్నుంచీ కూర్చునే కదా అల్లుడా నేను పనిచేసింది."

ఆయన తలుపు వేసి బండి తీశాడు. నేను వెనక తడిక పక్కన ముడుచుకుని, గతుకు వచ్చినప్పుడల్లా బట్టల అంచులు పట్టుకున్నాను. పెట్రోలు బంకులో ఇంజన్ ఆర్పమన్నారు. ఆర్పనని ఈయన. చివరికి కారు దూరంగా నిలబెట్టి, డబ్బాతో తెచ్చి పోసుకున్నాం.

మర్తోనో గారి సందులో కారు పట్టదు. సందు మొదట్లో నిలబెట్టి, మీ బాబాయి పెడలు మీద కాలు తీయకుండా కూర్చున్నాడు. నేను వెళ్లి పిలిస్తే ఆయనే వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మోచేతుల దాకా గోధుమరంగే. కిటికీలోంచి లోపలికి చూసి, "ఈవిడెవరు?" అన్నాడు.

"ఈ బట్టలు గీసేది ఈవిడే" అన్నాడు మీ బాబాయి.

నీకు తెలుసో లేదో, వాళ్లిద్దరూ ఎప్పుడూ చూసుకోలేదు. ఇన్నేళ్లూ ఈవిడ గీసి పంపడం, ఆయన రంగేసి పంపడం. మధ్యలో మీ బాబాయీ, మోరిస్సూ. ఆయన చేతులు లుంగీకి తుడుచుకున్నాడు, పోయే రంగు కాదు కదా అది.

"మీరు వయసులో ఉన్న మనిషి అనుకున్నానమ్మా. గీతల్లో వయసు కనపడలేదు."

"కనపడకూడదనే కదా నా తంటా" అంది అమ్మమ్మ. కిటికీ మీదికి వంగి, "వరదలొచ్చిన ఏడు రంగు బాగా ముదరబెట్టావు" అంది.

"ఆ ఏడు రంగు తీసే చెట్టు బెరడంతా తడిసిపోయింది."

"అలాగే అనుకున్నాను. అయినా బాగుంది. నీకు చెబుదామంటే మనిషివి ఎదుట లేవు."

ఇంజన్ చప్పుడులో ఇద్దరూ గట్టిగా అరుచుకుంటూ మాట్లాడుకున్నారు. సందులో పిల్లలు గుమిగూడారు. ఆయన తన మనవరాలిని పిలిచి, నాలుగు బట్టలూ ఒక్కొక్కటిగా రెండు చేతుల మీదా పరిపించి లోపలికి పంపాడు. ఒక్క పగులు లేదు. ఇవాళే రంగులో వేస్తానన్నాడు. తర్వాత మైనం తీసేసి, ఆరాక మడతపెట్టి బస్సులో పంపిస్తానన్నాడు. మైనం పోయాక మడతపెట్టినా ఫర్వాలేదు, నీ కోసం రాస్తున్నాను. వచ్చేముందు అమ్మమ్మ కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టింది. ఆయన ఆ చేతిని బిగించి పట్టుకోలేదు, మైనం పెట్టిన బట్టని ఎత్తినట్టు రెండు అరచేతుల మీదా ఎత్తి, వేళ్లు చూశాడు. అంతే.

తిరుగు దారిలో పుర్వోదాదిలో రాత్రికి చుట్టాలింట్లో పడుకున్నాం. మరునాడు బ్లోరా దాటాక టేకు అడవిలో మోరిస్ ఆగిపోయింది. దానంతటదే. ముందూ వెనకా ఒక్క మనిషి లేడు. మీ బాబాయి దిగి మూత ఎత్తాడు. "అయిదు నిమిషాలు అత్తయ్యా. పది అనుకోండి" అన్నాడు, తల బయటికి పెట్టకుండానే.

అమ్మమ్మ చెప్పులు విప్పి, కాళ్లు చాపుకుంది. వెనక్కి తిరిగి ఖాళీ తడిక చూసింది. నావైపు చూసి, అన్నం పొట్లం ఇలా తే అంది.

"నిదానంగా చూసుకో అల్లుడా. ఇప్పుడు మనకేం తొందర?"

సుకేసి పిన్ని